దూరం నేలది, ప్రయాణం గాలిది

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం నడపడం మొదలుపెట్టింది. ఆ విమానం పడమటికి బయలుదేరి, యూరప్ మీదుగా వెళ్లి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా చేరేది. దారి పొడవు దాదాపు 13,900 కిలోమీటర్లు. ఏడాది తిరక్కుండానే, 2016 అక్టోబరు 16న, ఆ సర్వీసును తూర్పుకు మళ్లించారు. చైనా, జపాన్ మీదుగా సాగి పసిఫిక్ మహాసముద్రం దాటే ఈ కొత్త దారి పొడవు 15,300 కిలోమీటర్లు. అంటే పాతదానికంటే 1,400 కిలోమీటర్లు చుట్టు. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. దగ్గర దారిలో పట్టే సమయం కంటే ఇది దాదాపు రెండు గంటలు తక్కువ.

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. విమానం అదే, ఇంజన్లు అవే, ఊళ్లు అవే. అలాంటప్పుడు ఎక్కువ దూరం తక్కువ కాలంలో ఎలా తెమిలింది? బడిలో నేర్పిన సూత్రంలో తప్పేమీ లేదు. అందులో దూరమని దేన్ని వేస్తున్నాం, వేగమని దేన్ని వేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న. మామూలుగా మనం నేల మీద కొలిచిన దూరాన్ని, గాలిలో కొలిచిన వేగంతో భాగిస్తుంటాం. గాలి కదలకుండా ఉంటే ఆ లెక్క సరిపోయేది. గాలి కదులుతుంది. ఈ అధ్యాయంలో ముందు నేల మీద దూరం సంగతి చూసి, ఆ తర్వాత గాలిలోకి వెళదాం.

గ్లోబు మీద దారం

గోడకు తగిలించిన ప్రపంచపటం మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకూ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది చైనా, జపాన్, పసిఫిక్‌ల మీదుగా దాదాపు అడ్డంగా పోతుంది. బడుల్లో ఎక్కువగా కనిపించే పటం 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పద్ధతిలోది. అది నావికుల కోసం పుట్టిన పటం. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో పట్టుకుని ఓడ నడిపితే ఆ దారి ఈ పటం మీద సరళరేఖ అవుతుంది. నావికులకు అంతకంటే సుఖం లేదు. కానీ ఆ గీత అతి దగ్గరి దారి కాదు. ఢిల్లీ నుంచి ఆ గీత వెంబడి పోతే సుమారు 14,960 కిలోమీటర్లు అవుతుంది.

ఇప్పుడు గ్లోబు తీసుకుని, ఒక దారం కొసను ఢిల్లీ మీద నొక్కిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి బిగించి లాగండి. దారం అడ్డంగా పోదు, నిట్టనిలువుగా పైకి ఎక్కుతుంది. ఢిల్లీ నుంచి ఉత్తరానికి కాస్త తూర్పుగా బయలుదేరి, టిబెట్, సైబీరియా దాటి, 75 డిగ్రీల అక్షాంశం పైన ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఈ దారంతో కొలిచిన దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. పటం మీద ‘తిన్నటి’ గీతకంటే ఇది 2,600 కిలోమీటర్లు తక్కువ. ఈ దారాన్ని అలాగే పొడిగిస్తూ పోతే అది భూమిని సరిగ్గా రెండు సమభాగాలుగా కోసే వలయం అవుతుంది. దాన్నే మహావృత్తం అంటారు. గోళం మీద ఏ రెండు చోట్లకైనా అతి దగ్గరి దారి ఆ చోట్ల గుండా పోయే మహావృత్తంలో చిన్న ముక్కే. హైదరాబాదు నుంచి షికాగోకు 2021 జనవరిలో నేరు విమానం మొదలైంది. ఆ రెండు ఊళ్లకూ దారం లాగి చూస్తే సుమారు 13,280 కిలోమీటర్లు వస్తుంది. మధ్యలో దారం 79వ అక్షాంశం దరిదాపులకు, అంటే ఉత్తర ధ్రువానికి 1,250 కిలోమీటర్ల దూరంలోకి వెళ్తుంది.

ఈ లెక్కకు సాధారణంగా త్రికోణమితి కావాలి. హైదరాబాదు, ఢిల్లీల విషయంలో మాత్రం నోటి లెక్క చాలు. శంషాబాదు విమానాశ్రయం 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, ఢిల్లీ విమానాశ్రయం 77.1 మీద ఉంది. రెండూ దాదాపు ఒకే నిలువుగీత మీద ఉన్నట్టే. అక్షాంశాలు 17.24, 28.57. తేడా 11.33 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. గుణిస్తే 1,258 వస్తుంది. పక్కకు జరిగిన కాస్త తేడా కలుపుకున్నా దూరం 1,260 పైచిలుకే. ఇదే రెండు ఊళ్ల మధ్య రైలు దారి 1,650 కిలోమీటర్లు దాటుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. భూమి మీద ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం నడిస్తే వచ్చే దూరమే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. పైలట్లు నేటికీ ఆ మైళ్లలోనే లెక్కపెట్టడానికి కారణం ఇదే. కోణం తెలిస్తే దూరం తెలిసినట్టే.

డిగ్రీకి ఇన్ని కిలోమీటర్లని కొలిచి చెప్పిన మహాయత్నాల్లో ఒకటి మన నేల మీదే జరిగింది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసులతో ఒక ఆధారరేఖ కొలిచి, అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ వెళ్లాడు. కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదం దాకా, 78వ రేఖాంశానికి దగ్గరగా, దాదాపు 2,400 కిలోమీటర్ల పొడవున ఆ త్రిభుజాల వరుస సాగింది. 1823లో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ చనిపోయాక జార్జ్ ఎవరెస్ట్ దాన్ని కొనసాగించి 1841లో ముగించాడు. హైదరాబాదు, ఢిల్లీల మధ్య ఇప్పుడు విమానం ఎగిరేది దాదాపు ఆ వరుస వెంబడే. ఆ కొలతల్లో తేలిన సంగతి ఏమిటంటే, డిగ్రీ పొడవు అన్ని చోట్లా ఒకటి కాదు. ఉత్తరానికి పోయేకొద్దీ అది కొంచెం కొంచెం పెరుగుతుంది. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉందనడానికి అది గుర్తు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల తేడాను కూడా లెక్కలోకి తీసుకుని మిల్లీమీటరు దాకా దూరం చెప్పగల పద్ధతిని 1975లో థడియస్ విన్సెంటీ ప్రకటించాడు. కాబట్టి రెండు నగరాల మధ్య నేల దూరం గురించి ఇప్పుడు అనుమానమేమీ మిగల్లేదు. చిక్కంతా ఆ తర్వాతే.

సూటి దారికి అడ్డాలు

గ్లోబు మీది దారం వెంబడి ఏ విమానమూ పూర్తిగా ఎగరదు. ఢిల్లీ నుంచి బయలుదేరిన దారానికి మొదటి అడ్డు హిమాలయాలు, వాటి వెనకనున్న టిబెట్ పీఠభూమి. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, 9 కిలోమీటర్లైనా లేని కొండలు దాన్నేం చేస్తాయని అనిపించవచ్చు. మామూలు రోజున ఏమీ చేయవు. ఏదో లోపం వల్ల విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే, ప్రయాణికుల ముఖాల ముందు ఆక్సిజన్ మాస్కులు వేలాడతాయి. వాటిలో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకంటే ఎక్కువ రాదు. ఆలోగా పైలట్ విమానాన్ని 3 కిలోమీటర్ల ఎత్తుకు, మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోగల చోటికి దించాలి. టిబెట్ మీద ఆ ఎత్తులో గాలి లేదు, నేల ఉంది. అక్కడ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. అందుకే ఢిల్లీ నుంచి ఉత్తరానికి పోవాల్సిన విమానాలు టిబెట్‌ను తప్పించుకుని పక్కల నుంచి తిరిగి పోతాయి.

రెండో అడ్డు సముద్రం. రెండు ఇంజన్ల విమానానికి ఒక ఇంజన్ ఆగిపోతే, రెండోదానితో ఇంత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలన్న నియమం ఉంది. 1953లో అమెరికా ఆ గడువును 60 నిమిషాలుగా పెట్టింది. దాంతో రెండింజన్ల విమానాలు మహాసముద్రాల నడిమధ్యకు పోలేక తీరాలనూ దీవులనూ పట్టుకుని వంకరగా తిరిగేవి. జెట్ ఇంజన్లు నమ్మకం సంపాదించుకున్నాక 1985లో ఆ గడువు 120 నిమిషాలయింది, 1988లో 180 అయింది. గడువు పెరిగిన ప్రతిసారీ ప్రపంచంలోని చాలా నగరాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి.

మూడో అడ్డు మనుషులు పెట్టింది. 2019 ఫిబ్రవరి చివర నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు దక్షిణానికి దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. ఎయిర్ ఇండియాకు మాత్రం తెరిచే ఉంది. ఆ దారి విలువతో పాటు దాని ఇబ్బంది కూడా 2023 జూన్ 6న తెలిసొచ్చింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజన్ ఇబ్బందితో తూర్పు రష్యాలోని మగదాన్‌లో దిగాల్సి వచ్చింది. మరో విమానం వెళ్లి తీసుకుపోయేదాకా ప్రయాణికులు అక్కడే ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ ఆకాశం భారతీయ విమానాలకు మళ్లీ మూతపడితే, ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు పోయే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో దిగుతూ పోయాయి.

ఈ అడ్డాలన్నీ కలిసి దారిని పొడిగిస్తాయి, నిజమే. కానీ పొడుగు దారి ముందుగా ఎందుకు చేరుతుందో ఇవి చెప్పవు.

గంటకు ఎంత?

విమానం వేగాన్ని పైలట్లు ధ్వని వేగంతో పోల్చి చెబుతారు. ధ్వని వేగం గాలి ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి సుమారు మైనస్ 56 డిగ్రీలుంటుంది. ఆ చలిలో ధ్వని గంటకు 1,062 కిలోమీటర్లు పోతుంది. బోయింగ్ 777 అందులో 84 శాతం వేగంతో, అంటే గంటకు దాదాపు 890 కిలోమీటర్లతో ఎగురుతుంది. హైదరాబాదు, ఢిల్లీల మధ్య తిరిగే ఎయిర్‌బస్ 320 రకం విమానాలు 78 శాతంతో, అంటే 830 కిలోమీటర్లతో సరిపెట్టుకుంటాయి. అంతకంటే ధ్వని వేగానికి దగ్గరైతే రెక్కల మీద గాలి అక్కడక్కడ ధ్వనిని మించిపోయి, ఆఘాత తరంగాలు పుట్టి, గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ కాస్త తొందరకు ఇంధనం ఖర్చు తట్టుకోలేనంత అవుతుంది. అందుకే 1960ల నాటి బోయింగ్ 707 కంటే ఇప్పటి విమానాలు వేగంలో ముందుకు పోయిందేమీ లేదు. ధ్వనిని దాటిపోయిన కాంకర్డ్ 2003లో సర్వీసు మానేసింది.

ఇక్కడొక మెలిక ఉంది. 890 అన్నది విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోల్చుకుంటే పోయే వేగం. నేలతో పోల్చిన వేగం కాదు. వరద గోదావరిలో పాపికొండల నుంచి రాజమండ్రికి దిగే లాంచీ, తిరిగి ఎగువకు ఎక్కే లాంచీ ఒకే ఇంజన్‌తో నీటిని ఒకే వేగంతో చీలుస్తాయి. గట్టు మీద నిలబడ్డవాడికి మాత్రం ఒకటి దూసుకుపోతున్నట్టూ, ఇంకొకటి ఈడ్చుకుంటూ పోతున్నట్టూ కనిపిస్తాయి. గాలి గంటకు 150 కిలోమీటర్లతో వెనక నుంచి వీస్తే 890 కాస్తా 1,040 అవుతుంది. ఎదురుగా వీస్తే 740కి పడిపోతుంది. విమానం లోపలున్నవాళ్లకు ఈ తేడా ఏమీ తెలియదు. రెక్కలకూ తెలియదు.

2020 ఫిబ్రవరి 9న అట్లాంటిక్ మీద సియారా తుపాను గాలులు ఉధృతంగా ఉన్న సమయంలో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ధ్వనికి లోబడి ఎగిరే ప్రయాణికుల విమానాల్లో ఆ దారిలో అది అప్పటికి రికార్డు. ఒక దశలో నేల మీద దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ఆ ఎత్తున ధ్వని వేగమే 1,062. అయినా ఆ విమానం ధ్వనిని దాటలేదు. గాలిలో దాని వేగం మామూలుగానే ఉంది. గాలే పరుగెత్తింది.

భూమి తిరిగితే లాభం లేదా?

తూర్పు, పడమర ప్రయాణాల కాలంలో తేడా అనగానే చాలామందికి తట్టే సమాధానం భూభ్రమణం. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, పడమటికి పోయే విమానానికి గమ్యం ఎదురొస్తుందన్న వాదన అది. అదే నిజమైతే హైదరాబాదు మీద హెలికాప్టర్ గంటసేపు కదలకుండా నిలబడితే చాలు. ఈ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్లు తూర్పుకు తిరుగుతోంది. గంట గడిచేసరికి హెలికాప్టర్ కింద అరేబియా సముద్రం ఉండాలి. అలా జరగదు. నేలతో పాటు గాలీ అదే వేగంతో తిరుగుతోంది, ఎగరకముందు హెలికాప్టరూ తిరుగుతోంది. పైకి లేచినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికీ పోదు. పైగా ఈ వాదన ప్రకారం పడమటికి పోయే విమానాలే ముందు చేరాలి. జరిగేది సరిగ్గా అందుకు ఎదురు. లండన్ నుంచి న్యూయార్క్‌కు, అంటే పడమటికి, దాదాపు ఎనిమిది గంటలు పడితే, తిరుగు ప్రయాణం ఏడు గంటల లోపే ముగుస్తుంది.

అయితే భూభ్రమణానికి ఇందులో పాత్ర లేకపోలేదు. అది గాలి ద్వారా, చాటున పనిచేస్తుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ధ్రువాల దగ్గర చలికి కుంచించుకుపోతుంది. అందువల్ల 10, 12 కిలోమీటర్ల ఎత్తుకు పోయేసరికి వెచ్చని వైపు గాలి ఒత్తిడి ఎక్కువగా, చల్లని వైపు తక్కువగా ఉంటుంది. గాలి ఒత్తిడి ఎక్కువున్న వైపు నుంచి ఉత్తరానికి కదలబోతుంది. తిరుగుతున్న భూమి మీద, ఉత్తరార్ధగోళంలో, కదిలే గాలి కుడివైపుకు తిరుగుతుంది. ఉత్తరానికి పోబోయిన గాలికి కుడివైపంటే తూర్పు. అలా పడమటి నుంచి తూర్పుకు భూమిని చుట్టి వచ్చే ఇరుకైన, ఉధృతమైన గాలి పాయలు ఏర్పడతాయి. అవే జెట్ స్ట్రీమ్‌లు. ధ్రువానికీ భూమధ్యరేఖకూ మధ్య ఉష్ణోగ్రత తేడా చలికాలంలో ఎక్కువ కాబట్టి అవి అప్పుడే బలంగా ఉంటాయి. జపాన్ మీదుగా చలికాలంలో వీచే పాయ ప్రపంచంలోకెల్లా బలమైన వాటిలో ఒకటి. అక్కడ గాలి గంటకు 300 కిలోమీటర్లు దాటడం అరుదేమీ కాదు.

ఆ పాయను మొదట కొలిచింది జపాన్‌వాడే. వాసాబురో ఓయిషి 1920లలో తతేనో వాతావరణ కేంద్రం నుంచి బెలూన్లు వదులుతూ, అవి కొట్టుకుపోయే తీరును దుర్భిణితో గమనించి, పైన గాలి విపరీత వేగంతో వీస్తోందని తేల్చాడు. ప్రపంచమంతా చదవాలన్న కోరికతో తన నివేదికను 1926లో ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. ఆ భాష చదివే వాతావరణ శాస్త్రవేత్తలు బయట పెద్దగా లేరు. 1944 చివర టోక్యో మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానాలు ఆ గాలిలో చిక్కి గురి తప్పాయి. అదే గాలిని నమ్ముకుని జపాన్ సైన్యం అమెరికా మీదికి 9,000కు పైగా బాంబు బెలూన్లు వదిలింది. శాంతికాలంలో ఆ గాలిని తొలిసారి సొమ్ము చేసుకున్నవాళ్లలో పాన్ అమెరికన్ సంస్థ ఒకటి. 1952 నవంబరులో టోక్యో నుంచి హొనలూలుకు పోయే విమానాన్ని ఏడున్నర కిలోమీటర్ల ఎత్తున ఆ పాయలో నడిపితే, 18 గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు దిగింది.

ఇప్పుడు ఎయిర్ ఇండియా లెక్క తేల్చవచ్చు. పసిఫిక్ దారిలో 15,300 కిలోమీటర్లు పద్నాలుగున్నర గంటల్లో పోవడమంటే నేల మీద సగటు వేగం గంటకు 1,055. విమానం గాలిలో 890తోనే ఎగిరిందనుకుంటే, ఆ సమయంలో అది చీల్చిన గాలి 12,900 కిలోమీటర్లే. మిగిలిన 2,400 కిలోమీటర్లు గాలి మోసుకుపోయింది. అట్లాంటిక్ దారిలో నేల 13,900 కిలోమీటర్లే అయినా, పదహారున్నర గంటలు 890తో ఎగరడమంటే దాదాపు 14,700 కిలోమీటర్ల గాలిని చీల్చడం. ఎదురుగాలి దారిని 800 కిలోమీటర్లు పొడిగించింది. నేల మీద పొడుగైన దారి గాలిలో పొట్టిది. విమాన సంస్థల్లో దారులు గీసే డిస్పాచర్లు నేల మైళ్లతో పాటు గాలి మైళ్లను వేరే లెక్కగడతారు. ఇంధనం నింపేది ఆ రెండో లెక్క చూసే.

అన్ని కాలాల్లోనూ, అన్ని చోట్లా పై గాలి పడమటి నుంచే వీస్తుందనుకోకూడదు. వానాకాలంలో మన మీద అది తిరగబడుతుంది. ఎండకు కాగిన ఆసియా భూభాగం, ముఖ్యంగా టిబెట్ పీఠభూమి, పై గాలిని దక్షిణాన ఉన్న హిందూ మహాసముద్రం మీది గాలికంటే వేడిగా చేస్తుంది. ఉష్ణోగ్రత తేడా తలకిందులవుతుంది, గాలి కూడా తూర్పు నుంచి పడమటికి తిరుగుతుంది. దక్షిణ భారతం మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున వీచే ఈ తూర్పు జెట్ స్ట్రీమ్‌ను 1958లో ప్రపంచానికి వివరించినవాడు మన తెలుగువాడే. ఆయన పంచేటి కోటేశ్వరం, తర్వాతి రోజుల్లో భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యాడు. ఆ పాయ నడిబొడ్డు విమానాలకు పైనే ఉన్నా, 12 కిలోమీటర్ల దగ్గర కూడా దాని ఊపు తెలుస్తుంది. జులైలో హైదరాబాదు నుంచి గల్ఫ్ వైపు పోయే విమానానికి వెనక నుంచి నెట్టే గాలి, జనవరిలో ఎదురు నిలుస్తుంది.

టికెట్ మీద గంటలు

ఇంత లెక్క చేసినా, టికెట్ మీద కనిపించే సమయం మన లెక్కకు రాదు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి 1,260 కిలోమీటర్లను 830తో భాగిస్తే గంటన్నర. టైమ్‌టేబుల్ రెండుంబావు గంటలంటుంది. అందులో మొదటి కారణం, విమానం పూర్తి వేగంతో ఎగిరేది మధ్య భాగంలోనే. పైకెక్కడానికి పాతిక నిమిషాలు, దిగడానికి మరో పాతిక నిమిషాలు, అప్పుడంతా వేగం తక్కువ. రెండో కారణం, విమాన సంస్థలు ప్రయాణాన్ని చక్రాలు గాలిలోకి లేచినప్పటి నుంచి లెక్కపెట్టవు. గేటు దగ్గర చక్రాలకు అడ్డం తీసి విమానాన్ని వెనక్కి నెట్టిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ అడ్డం పెట్టేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడటం, ఢిల్లీ మీద దిగడానికి వంతు కోసం చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోనే.

మూడో కారణం జాగ్రత్త. అదే దారిలో ఇదివరకు తిరిగిన వందల విమానాలకు పట్టిన సమయాలను పోగేసి, ఎక్కువ రోజులు సరిపోయే సంఖ్యను టైమ్‌టేబుల్‌లో వేస్తారు. కాబట్టి టికెట్ మీద అంకె దూరాన్ని చెప్పదు, గతానుభవాన్ని చెబుతుంది. ఒక్కోసారి విమానం ఆలస్యంగా లేచి కూడా వేళకు దిగడానికి కారణం ఇదే. అంతర్జాతీయ టైమ్‌టేబుళ్లు మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబరు చివరి ఆదివారం ఒకసారి మారతాయి. గాలులు కూడా దాదాపు అప్పుడే స్వభావం మార్చుకుంటాయి కాబట్టి, అదే విమానానికి చలికాలంలో ఒక సమయం, వేసవిలో ఇంకో సమయం కనిపిస్తుంది.

దూరప్రయాణాల్లో ఇంకో చిక్కు, బయలుదేరే వేళ ఒక గడియారంలో, దిగే వేళ మరో గడియారంలో అచ్చవుతాయి. మన దేశపు గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం వేసవిలో దానికంటే పన్నెండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో లేచి పద్నాలుగున్నర గంటలు ఎగిరితే మన గడియారంలో సాయంత్రం ఆరున్నర. అక్కడ మాత్రం అదే రోజు ఉదయం 6 గంటలు. టికెట్ చూస్తే రెండు గంటల ప్రయాణంలా ఉంటుంది. తిరుగు టికెట్ చూస్తే ఒక రోజుకు పైగా పట్టేట్టు ఉంటుంది.

పోవడం, రావడం

పోయేటప్పుడు గాలి ఎంత సాయం చేస్తే, వచ్చేటప్పుడు అంతే అడ్డుపడుతుంది, మొత్తం మీద సమానమైపోతుందని అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 4,500 కిలోమీటర్ల దూరం, గాలిలో 900 వేగం. గాలి లేని రోజు పోనూ రానూ సరిగ్గా పది గంటలు. ఇప్పుడు గంటకు 150 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకోండి. పోయేటప్పుడు 1,050 వేగంతో 4 గంటల 17 నిమిషాలు. వచ్చేటప్పుడు 750 వేగంతో 6 గంటలు. మొత్తం 10 గంటల 17 నిమిషాలు. సాయం చేసే గాలిలో మనం గడిపేది తక్కువసేపు, అడ్డుపడే గాలిలో ఎక్కువసేపు. అందుకే గాలి ఎటు వీచినా రాకపోకల మొత్తం మీద నష్టమే. గాలి బలపడేకొద్దీ ఆ నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది. ఎయిర్ ఇండియా లాంటి సంస్థలు పోవడానికి ఒక దారి, రావడానికి ఇంకొక దారి వెతుక్కునేది ఈ నష్టాన్ని తగ్గించుకోవడానికే.

ఈ చిన్న లెక్కకు ఇప్పుడు పెద్ద ప్రాముఖ్యం వచ్చింది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్త పాల్ విలియమ్స్ 2016లో ఒక పరిశీలన ప్రచురించాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే చలికాలంలో అట్లాంటిక్ మీది జెట్ స్ట్రీమ్ ఎలా మారుతుందో కంప్యూటర్ నమూనాల్లో చూసి, లండన్, న్యూయార్క్‌ల మధ్య ప్రయాణాలను లెక్కగట్టాడు. పై గాలి బలపడుతుంది, తూర్పు ప్రయాణం కాస్త తగ్గుతుంది, పడమటి ప్రయాణం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. మొత్తం మీద రాకపోకల కాలం పొడుగవుతుందని తేలింది. ఒక్కో ప్రయాణంలో అది నిమిషాల్లోనే. ఆ దారిలో రోజూ తిరిగే విమానాలన్నిటికీ కలిపితే, ఏటా అదనంగా కాలే ఇంధనం చిన్నదేమీ కాదు. ఆ ఇంధనం కాలితే వచ్చేదీ కార్బన్ డయాక్సైడే.

లండన్, న్యూయార్క్‌లు ఉన్న ఖండాలు కూడా ఒకదానికొకటి దూరమవుతూనే ఉన్నాయి. అట్లాంటిక్ ఏటా రెండు, మూడు సెంటీమీటర్లు వెడల్పవుతోంది. వందేళ్లకు రెండున్నర మీటర్లు పెరుగుతుందనుకున్నా, జెట్ విమానానికి అది సెకనులో వందో వంతు ప్రయాణం. ఆ పెరుగుదలను ఏ టైమ్‌టేబులూ పట్టించుకోనక్కర్లేదు. గాలి మారితే మాత్రం టైమ్‌టేబుల్ మార్చక తప్పదు.